మావయ్య కారుకు దొరకని బోల్టులు

మా వీధి చివర మెకానిక్కు పొద్దున్నే కిరసనాయిలు పళ్ళెంలో ఇనుప సామాను కడుగుతాడు. ఆ వాసన వంటింటి కిటికీలోంచి రాగానే నా చేతిలో పని ఆగిపోతుంది. మా మామగారు సింహాచలం గారూ, ఆయన పాత కారూ, మా ఆడపడుచు లక్ష్మి పెళ్ళిరోజూ ఒక్కసారిగా గుర్తొస్తాయి.

మామగారు శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలోనే జంషెడ్‌పూర్ వచ్చి, కర్మాగారంలో క్రేన్లు మరమ్మతు చేసి రిటైరయ్యారు. డెబ్బైల చివర్లో నేను గోల్‌మురి పేటలోని వాళ్ళ క్వార్టరుకు కోడలిగా వచ్చేనాటికే వాకిట్లో నల్లటి ఇంగ్లీషు కారొకటి ఉండేది. ఊరు విడిచి వెళ్ళిపోతున్న ఒక డాక్టరు దగ్గర కొన్నారట. వయసులో నాకంటే పెద్దది. ఆ కారు గురించి తప్ప ఆయన పెద్దగా మాట్లాడేవారు కాదు. నేనూ ఎక్కువగా మాట్లాడేదాన్ని కాదు. పుట్టింట్లో మా అన్నయ్యలు మాట్లాడేవాళ్ళు, అత్తింట్లో మా ఆయన అప్పారావు మాట్లాడేవాడు. నా అభిప్రాయమేమిటని అడగాలన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు, నాతో సహా.

లక్ష్మి పెళ్ళికి మగపెళ్ళివారిని సువర్ణరేఖ నది అవతల మాంగో పేటలో విడిది దించాం. పెళ్ళికొడుకును ఈ కారులోనే వంతెన దాటించి తీసుకొస్తామని మామగారు మాటిచ్చారు. ముందురోజు కారు ముందు చక్రం దగ్గర ఏదో గడగడమంటోందని, ఆయనకు చెప్పకుండా మా ఆయన రోడ్డుపక్క మెకానిక్కు చేత బోల్టులు మార్పించాడు. పెళ్ళినాడు పొద్దున్న మామగారు అలవాటుగా కారు కిందికి దూరి, చేత్తో తడిమి, అక్కడి నుంచే నన్ను పిలిచారు. ఆయన కళ్ళకు అప్పటికే పొర కమ్ముతోంది.

"పార్వతీ, ఓపాలి వొంగి సూడమ్మా. ఏటి అగుపడతంది?"

పట్టుచీర ఎగదోపుకుని వంగాను. "కొత్త బోల్టులు మావయ్యా. మెరుస్తన్నాయి."

"మెరుపు సంగతి కాదు. నట్టు తిన్నగా కూకుందా?"

లేదు. ఒక పక్కకు ఒరిగి ఉంది. బోల్టు మరలూ నట్టు మరలూ కలవకపోయినా బలవంతంగా బిగించేశారని ఆయన చెప్పారు. అవి స్టీరింగును చక్రానికి పట్టి ఉంచే బోల్టులు. అవి ఊడితే స్టీరింగు ఎటు తిప్పినా చక్రం మాట వినదు. ఆయన లేచి తాళంచెవి జేబులో వేసుకున్నారు. మధ్యాహ్నం ముహూర్తం.

సరైన బోల్టుల కోసం ముగ్గురం ఇనుప సామాను దుకాణాలుండే జుగ్సలాయి వెళ్ళాం. ఆయనా నేనూ రిక్షాలో, మా ఆయన వెనక సైకిలు మీద. ఇరుకు రోడ్డులో లారీల నుంచి సరుకు దింపుతుంటే రిక్షా కదలదు, మా ఆయన గడియారం చూసుకోవడం మానడు. దుకాణాల్లో డబ్బాల నిండా బోల్టులు. మెకానిక్కు విప్పి పడేసిన పాత బోల్టులు అరిగిపోయాయి. మామగారు వాటి నట్టును చేతిలో పట్టుకుని ఒక్కో బోల్టుకూ ఎక్కించి చూశారు. అది వేళ్ళతోనే చివరిదాకా తిరగాలి, మధ్యలో పానా కావాల్సి వస్తే ఆ బోల్టు మనది కాదు. కొన్ని మొదట్లోనే పట్టేశాయి. కొన్ని సాఫీగా తిరిగాయి గాని, గట్టి ఉక్కు అని తెలిపే గుర్తు తలమీద లేదు. "చలేగా బాబూజీ, చలేగా" అంటున్నాడు దుకాణదారు, పనికొచ్చేస్తుందని. "గేటుకి చలేగా" అన్నారు మామగారు.

చివరికి పాత సామాను గోదాములో, ఎప్పుడో విప్పేసిన కారువి దొరికాయి. నట్టు వేళ్ళతోనే తిరిగింది. గుర్తూ ఉంది. మా ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. మామగారు వాటిని నా అరచేతిలో పెట్టారు.

"నా కళ్ళు మసక. నువ్వు సూసి సెప్పు."

వెలుతురులోకి తీసుకెళ్ళి తిప్పి చూశాను. ఒకదాని తల కింద వెంట్రుకంత సన్నని గీత. గోటితో గీకాను. పోలేదు. మా ఆయన పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "బాగానే ఉన్నాయని సెప్పీ పార్వతీ. అవతల ముహూర్తం మించిపోతంది."

అది పగులైతే దారిలో బోల్టు విరుగుతుంది. మురికే కావచ్చు కూడా. బాగానే ఉన్నాయంటే అందరూ సంతోషిస్తారు.

"గీత ఉంది మావయ్యా."

ఆయన మళ్ళీ అడగలేదు, తడిమి చూడలేదు. తీసుకుని డబ్బాలో పడేసి, "పదండి" అన్నారు.

ఇంటికి వచ్చేసరికి పెళ్ళికొడుకు మేనమామ వాకిట్లో నిలబడి ఉన్నాడు. "మాటిచ్చి తప్పుతారేటి? మా కుర్రోడు రిక్షాలో రావాలా?"

"మాట తప్పేను బావుగారూ. ఎన్ని తిట్టినా పడతాను. కారు మాత్రం కదల్దు."

"అయితే పెళ్ళికొడుకూ కదల్డు" అని ఆయన విసురుగా వెళ్ళిపోయాడు. మేళం ఆగింది. అత్తయ్య గుమ్మం పట్టుకుని నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. లోపల పెళ్ళిపీట మీద లక్ష్మి తల ఎత్తలేదు. నేను చూసింది మురికే అయితే? ఒక ఆడపిల్ల పెళ్ళి నా గోటి కింద చెదిరిపోతే? మామగారు కారుకు ఆనుకుని నిలబడ్డారు.

ముహూర్తం దగ్గరపడుతుండగా వీధి మలుపులో స్కూటరు చప్పుడయింది. పెళ్ళికొడుకు, పెళ్ళిబట్టల్లోనే, స్నేహితుడి వెనక కూర్చుని వచ్చాడు. దిగి, దుమ్ము దులుపుకుని, "కారెక్కడికి పోద్ది మావా? బాగయ్యాక తిరుగుతాం" అన్నాడు. మామగారు అతని రెండు చేతులూ పట్టుకున్నారు. మేనమామ ఆ తర్వాత చాలా ఏళ్ళు మా గడప తొక్కలేదు.

మర్నాడు మా ఆయన కారు కింద పడుకుని ఆ మెరిసే బోల్టుకు పానా వేశాడు. కాస్త తిప్పగానే నట్టు చెక్కుకుపోయిన మరతో సహా ఊడి చేతిలోకి వచ్చింది. తర్వాత తనే టీ పెట్టి తండ్రికి తీసుకెళ్ళి ఇచ్చాడు.

సరైన బోల్టులు కలకత్తా నుంచి వచ్చాయి. మామగారు పానా నాకే ఇచ్చి బిగించమన్నారు. లక్ష్మినీ అల్లుడినీ ఎక్కించుకుని మా ఆయన సువర్ణరేఖ వంతెన మీదుగా కారు నడుపుతుంటే, వెనక కూర్చున్న నేను ముందు చక్రం చప్పుడే వింటున్నాను. అవతలి ఒడ్డు చేరాక గాని నేను నది వైపు చూడలేదు.

నేను చూసిందేమిటో చెప్పమని అడిగిన మొదటి మనిషి ఆయన. చెప్పాక నమ్మిన మొదటి మనిషీ ఆయనే. పదిమంది తొందరపెడుతూ, సరేననమని చుట్టూ నిలబడినప్పుడు ఈనాటికీ నా గొంతు వణుకుతుంది. వణుకుతూనే మాట బయటికి వస్తుంది.