డివైడరు డాక్టరుగారు

మా ఆఫీసులో ఆయన్ని డివైడరు డాక్టరుగారు అంటాం. ఎదురుగా అనం లెండి. ఆయన గుండె డాక్టరు. ఇసిజి కాగితం మీద గీతల మధ్య దూరం కొలవడానికి జేబులో ఎప్పుడూ రెండు సూదిమొనల డివైడరు ఉంటుంది. గీతలు కొలుచుకుంటే మాకేం బాధ? గురువారం పొద్దున్నే వచ్చి మా పోస్టరు మీద అక్షరాలు కొలిచారు.

డాక్టర్లు చేసిన పరిశోధనని నర్సులకి అర్థమయ్యే పాఠాలుగా, పోస్టర్లుగా మార్చడం మా పని. ఈయన పరిశోధన ఇరవై రెండేళ్లది. గుండెపోటుతో వచ్చిన ఆడవాళ్లు ముందుగా ఏ బాధ చెప్పుకున్నారో ఒక్కొక్కరిదీ రిజిస్టర్లలో రాసుకున్నారు. వేరే ఊళ్లలో పెద్ద ఉద్యోగాలకి పిలిచినా ఆ రిజిస్టర్లు వదిలి వెళ్లలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఆయనకే పైఅధికారులయ్యారు. ఇంకో నాలుగు వారాల్లో రిటైరవుతున్నారు. ఇన్నేళ్ల చాకిరీకీ ఎమర్జెన్సీ గోడ మీదకి ఎక్కబోయేది ఒక్క పోస్టరు. శుక్రవారం ప్రింటుకి వెళ్తే సోమవారం నర్సుల శిక్షణకి అందుతుంది. తప్పితే మళ్లీ ఏడాదికే.

అప్పటికి పదిసార్లు మార్పించారు. బొమ్మలో గుండె రంగు నచ్చలేదన్నారు, మార్చాం. 'ఛాతీ నొప్పి తప్పక వస్తుంది' అని ఎవరు చెప్పారన్నారు, తీసేశాం. మాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇది పదకొండోసారి.

"'ఛాతీ నొప్పి' పద్దెనిమిది మిల్లీమీటర్లుంది. 'దవడ నొప్పి, వీపు నొప్పి, విపరీతమైన నీరసం' ఆరే ఉన్నాయి. ఎందుకమ్మా?"

"ఒకటి పెద్దగా ఉంటేనే గోడ మీద కనబడుతుందండీ. మిగతావి దగ్గరికొచ్చి చదువుకుంటారు."

"రారు."

"ఈయన గుండె డాక్టరా, దర్జీయా?" అని పక్కన డిజైనరు గొణిగింది. ఆయనకి వినబడింది. నవ్వలేదు.

నాకు అసలే కోపం ముక్కు మీదుంటుంది. "మీ పేరు పెద్దగా వేయమన్నా అర్థం చేసుకునేదాన్ని డాక్టరుగారూ! రేపు ప్రింటు పెట్టుకుని ఈ చాదస్తం ఏంటండీ? ఎమర్జెన్సీలో ఉన్న పాత పోస్టరూ ఇలాగే ఉందిగా. అది చూసే చేశాం. ఇన్నేళ్లూ ఎవరూ ఒక్క మాట అనలేదే!"

ఆయన డివైడరు మూసి కుర్చీలో కూర్చున్నారు.

"ఆ పాత పోస్టరు రాసింది నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో."

నేను చేతిలో పెన్సిలు బల్ల మీద పెట్టేశాను.

"దాని కింద బల్ల మీదే మా అక్క కూర్చుంది. 'దవడ లాగేస్తోందిరా తమ్ముడూ' అంది. ఛాతీలో నొప్పుందా అని అడిగాను. లేదంది. పళ్ల డాక్టరుకి చీటీ రాసిచ్చి పంపించాను." డివైడరు జేబులో పెట్టుకుని, "రిజిస్టర్లో మొదటి వరస తనదేనమ్మా. ఆ సాయంత్రమే రాశాను," అన్నారు.

ఆయన ఇరవై రెండేళ్లుగా దిద్దుతున్న తప్పునే మేం చక్కగా చూసి కాపీ కొట్టాం. పైగా ఆయన మీదే అరిచాను. నాకు సిగ్గేసింది. డిజైనరు కంప్యూటరు వైపు తిరిగింది.

మూడు గంటలు పట్టింది. నాలుగు బాధలూ ఒకే ఎత్తులో పెట్టేసరికి పోస్టరు బస్సుల టైంటేబుల్లా తయారైంది. అందం చందం ఏమీ లేదు. నమూనా ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టాను. కళ్లజోడు పైకి తోసుకుని, మళ్లీ ఆ డివైడరే తీశారు. ఒక్కో వరసా కొలిచారు.

"'దవడ' అర మిల్లీమీటరు తక్కువుందమ్మా."

నాకు ఒళ్లు మండింది. మండుతూనే కూర్చుని ఆ అర మిల్లీమీటరూ పెంచాను.