షమీమక్క సిరీస్ బల్బు

నిన్న పొద్దున ఫోన్ కింద పెట్టి వంటింటి గోడకి ఆనుకుని కూలబడితే, మా అమ్మ అడిగిన మొదటి మాట: "హైదరాబాద్ ఉద్యోగం క్యాన్సిలయిందా?"

కాదు. షమీమక్క పోయింది.

నా నోటితో చెప్పాకే అది నాకూ తెలిసింది. వాళ్లాయన కరీం భాయ్ ఫోన్లో చెప్పినప్పుడు వినపడిందే గానీ ఎక్కలేదు. తెల్లవారుజామున నమాజుకి లేచి, మళ్లీ కాసేపు పడుకుందట. ఇక లేవలేదట.

నాన్నగారు పేపర్ పక్కన పెట్టి, "అయ్యో, మంచావిడే. అయినా సోమవారం నువ్వెలాగూ వెళ్లిపోతున్నావుగా" అన్నారు. ఓదార్పు అనుకునే అన్నారు.

మా ఇంట్లో ఎప్పుడూ ఇంతే. బీటెక్ అయ్యాక రెండేళ్లుగా నేను భవానీపురంలో ఆవిడ షాపుకి వెళ్తుంటే, చుట్టాలకి మాత్రం "ఖాళీగా ఎందుకని, టైంపాస్" అని చెప్పుకున్నారు. ఒక అత్తయ్య అయితే అక్కడ ఎవడో ఉన్నాడని తేల్చేసింది.

అక్కడ ఉన్నది కాలిపోయిన బోర్డులు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. రైస్ మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో మోటారు స్పీడు తగ్గించి పెంచే పెట్టెని డ్రైవ్ అంటారు. దాని లోపలి బోర్డు కాలితే మోటారు ఆగుతుంది, మిల్లు ఆగుతుంది. ఆ బోర్డులో ఏం పోయిందో వెతికి బాగుచేయడం షమీమక్క పని. ఇంటి ముందు గదే షాపు. వచ్చేవాళ్లతో మాట్లాడటం, సరుకు తేవడం, వంట, అన్నీ కరీం భాయ్ చూసుకునేవారు.

మనిషి నెమ్మదస్తురాలేం కాదు. గొప్పలు చెప్పుకునేది. తన సోల్డరింగ్ ఐరన్ ముట్టుకుంటే తిట్టేది. పనికి కూర్చునే ముందు గాజులు తీసి స్క్రూల డబ్బాలో వేసేది, లేచేటప్పుడు "నా గాజులేవే?" అని నన్ను దొంగని చేసేది.

ఒకసారి కోతల సీజన్లో పామర్రు నుంచి ఒక మిల్లు ఓనరు డ్రైవ్‌ని ఆటోలో వేసుకుని వచ్చాడు. కాలిన పార్టు వేరేచోట మార్పించాడట. ఆన్ చేయగానే మళ్లీ ఢాం. గుమ్మంలోనే నిలబడి "మీ ఆయన లేరామ్మా?" అన్నాడు.

"లోపల బియ్యం కడుగుతున్నారండీ. మీ బోర్డు మీద తవుడు నేను కడుగుతా, ఇలా ఇవ్వండి."

కాలిన పార్టు జోలికి ఆవిడ పోనేలేదు. "కాలింది అందరికీ కనపడుద్దే. కాల్చింది ఎక్కడుందో వెతకాలి" అంది నాతో. మధ్యాహ్నానికి దొరికింది. ఆ పార్టుకి సిగ్నల్ ఇచ్చే చిన్న సర్క్యూట్లో ఒక కెపాసిటర్. పైకి నిగనిగలాడుతోంది, లోపల ఎండిపోయింది.

బాగుచేసిన బోర్డుకి ఆవిడ ఎప్పుడూ నేరుగా కరెంటు ఇవ్వదు. మధ్యలో సిరీస్‌లో ఒక మామూలు బల్బు పెడుతుంది. బోర్డులో ఇంకా షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. బాగుంటే ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది. ఆ స్విచ్ మాత్రం బోర్డు తెచ్చినవాళ్ల చేతే వేయించేది. అది ఆ షాపు పద్ధతి.

మిల్లు ఓనరు కళ్లు మూసుకుని దణ్ణం పెట్టి స్విచ్ వేశాడు. బల్బు మెరిసింది. ఆరింది. ఆయన మొహం పాలిపోయింది.

"పోయిందమ్మా. మళ్లీ పోయింది."

"పోలేదండీ. అది వెలిగుంటే పోయినట్టు."

కరీం భాయ్ గరిటెతో సహా బయటికి వచ్చి నవ్వారు. ఓనరు ఆ పూట మాతోనే అన్నం తిని వెళ్లాడు.

అంత తెలిసిన మనిషి, ఈమధ్య ఛాతీలో మంటగా ఉంటే గ్యాస్ బిళ్ల వేసుకుంది. ఎడమ చెయ్యి లాగుతుంటే బెంచీ మీద వంగడం వల్లే అంది. డాక్టర్ దగ్గరికి వెళ్దాం అక్కా అంటే, "సీజన్ అయిపోనీ. నువ్వెప్పుడు డాక్టరయ్యావే?" అని వెక్కిరించింది.

బోర్డుల విషయంలో ఏనాడూ చెయ్యని పని తన విషయంలో చేసింది. కాలిన చోట మందు రాసుకుంటూ పోయింది. కాల్చింది వెతుక్కోలేదు.

ఎవరి మీద కోప్పడాలో తెలియడం లేదు.

నిన్న సాయంత్రం మగవాళ్లు జనాజా మోసుకుని వీధి మలుపు తిరిగేదాకా ఆడవాళ్లతో గుమ్మంలో నిలబడ్డాను. అందరూ వెళ్లాక కరీం భాయ్ ముందు గది తలుపు తీశారు. "నాకు ఈ పని రాదమ్మా. బోర్డులు ఎవరివి వాళ్లకి ఇచ్చేద్దాం. ఈ బెంచీ, మీటర్లు ఎవరైనా తీసుకుపోతారు" అన్నారు.

బెంచీ మీద ఉయ్యూరు నుంచి వచ్చిన బోర్డు ఉంది. కాలిన పార్టు తీసేసి ఉంది. కొత్తది పెట్టలేదు.

గాజులు స్క్రూల డబ్బాలోనే ఉన్నాయి.

అక్కడ నిలబడితే నాకు ధైర్యమేమీ రాలేదు. ఆవిడ సగమే నేర్పింది. మిగతా సగం మట్టిలోకి వెళ్లిపోయింది. ఆ బోర్డు నా చేతుల్లో బాగవుతుందో లేదో తెలియదు. ఎక్కడైనా ఆగిపోతే అడగడానికి మనిషి లేదు. ఏది తాకినా ఇప్పుడు తిట్టేవాళ్లు లేరు.

ఈ పొద్దున అమ్మ ఆవిడ పేరున దేవుడి దగ్గర దీపం పెట్టింది. ప్రేమతోనే పెట్టింది. అది నిండుగా వెలుగుతుంటే నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

వెళ్లిరా షమీమక్కా. ఆ నేల నీకు మెత్తగా ఉండాలి. ఏ సీజనూ నిన్ను లేపకూడదు.

ముందు గది తాళంచెవి కరీం భాయ్‌ని అడిగి తీసుకున్నాను. మా అన్నయ్య ఈ పోస్టు చదివి ఇంట్లో చెప్తాడు. చెప్పనీ.

సోమవారం నేను హైదరాబాద్ వెళ్లడం లేదు. షాపు తీస్తున్నాను.