పరదా వెనుక కావలి

దబీర్‌పురాలో మా డాబా మీద పొద్దున్నే చొక్కా విప్పి కసరత్తు చేసేవాణ్ని. మెట్ల గది కిటికీ పరదా వెనుక నుంచి మా ఆవిడ దొంగచాటుగా చూస్తోందని కనిపెట్టాక, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాగి, దండీలకు బస్కీలు కూడా కలిపాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"మిమ్మల్ని ఎవ్వలు చూస్తున్నరు? ఎండబోసిన గోధుమలు పావురాలు తింటయని కావలి కాస్తున్న," అంది.

నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ నేను ఛాతీ విరుచుకున్నది పావురాల ముందా!

మర్నాడు గోధుమలన్నీ పిండి గిర్నీకి పోయాయి. డాబా మీద ఒక్క గింజ లేదు, ఒక్క పావురం రాలేదు. పరదా మాత్రం కదిలింది. నేను చటుక్కున పొట్ట లోపలికి లాగాను.

"ఊపిరి తీస్కోండ్రి, సచ్చిపోతరు!" అని పరదా అరిచింది.