స్టీలు గ్లాసులో గీత

తెలంగాణ రాష్ట్రం రాకముందు సంగతి. గోదావరిఖనిలో మా క్వార్టర్ వంటింట్లో ఒక స్టీలు గ్లాసు ఉండేది. దాని లోపల మా ఆయన మేకుతో గీత గీశాడు. మా చిన్నబిడ్డకు పూటకు ఆ గీత వరకే అన్నం.

బిడ్డకు పుట్టుకతోనే ఒక జబ్బు. పప్పు, పాలు, గుడ్డు, మాంసంలో ఎక్కువగా, అన్నంలో కొంచెంగా ఉండే ఒక పదార్థం అందరి ఒంట్లో అరుగుతుంది, దాని ఒంట్లో అరగదు. రక్తంలో పేరుకుని మెదడును పాడుచేస్తుంది. ఏడాది నిండినా పిలిస్తే పలకడం లేదని హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోతే ఈ సంగతి తెలిసింది.

"రక్తంలో ఆ పదార్థం అంకె ఈ రెండు హద్దుల నడుమ ఉండాలమ్మా. ఇప్పటిదాకా జరిగిన నష్టం మొత్తం పూడదు. ఇకనుంచైనా కాపాడుకుంటే మాటలు వస్తాయి, చదువూ వస్తుంది" అంది డాక్టరమ్మ.

ఆ పదార్థం లేకుండా చేసిన బలం పొడి ఆమె ఇచ్చింది. ఆ పొడి, సగ్గుబియ్యం జావ, సొరకాయ కూర, గీత వరకు అన్నం. అంకె దిగింది. బిడ్డ నడిచింది, "బాపూ" అంది, క్వార్టర్లన్నీ తిరిగి పాటలు పాడింది.

మా ఆయన బొగ్గు బాయిలో సర్దార్. పని మొదలుకాకముందే లోపల పేలే గ్యాసు ఉందేమో చూడటం ఆయన డ్యూటీ. అంకె దిగేసరికి ఆయనకు హుషారొచ్చింది.

"గ్యాసు ఎంత తక్కువుంటే గంత మంచిదే. గిదీ గంతే, సున్నకు తెద్దాం" అని గ్లాసులో ఇంకా కిందికి మరో గీత గీశాడు. నాకూ సబబే అనిపించింది.

పోనుపోను బిడ్డ మూలకు కూర్చుంది. పాట లేదు, పేచీ లేదు. జుట్టు ఊడసాగింది. మళ్లీ రక్తం చూపిస్తే అంకె అడుక్కు పోయింది. మా ఆయన మెప్పు కోసం ఎదురుచూశాడు.

"అన్నం తగ్గించారా?" అంది డాక్టరమ్మ.

"సున్నకు తెద్దామని, మేడం."

"ఆ పదార్థం కొంచెమైనా లేకపోతే ఒళ్లు పెరగదు, మెదడూ పెరగదు. కింది హద్దు కూడా చెప్పాను కదా!"

ఇంటికొచ్చి చెబితే మా అత్త బొగ్గుల పొయ్యికి విసనకర్రతో విసురుతూ అందుకుంది.

"ఎక్కువేస్తే పొగొస్తదని బొగ్గే ఎయ్యకపోతే పొయ్యిల ఏం మండుతది కొడుకా, నీ తలకాయనా?"

మళ్లీ పాత గీతకే వచ్చాం. బిడ్డ మెల్లగా తేరుకుంది. బడికి పోయాక లెక్కల్లో అది ఎప్పుడూ తోటి పిల్లల వెనకే. మా ఆయనకు మాత్రం అంకె మళ్లీ పెరుగుతుందేమోనన్న భయం పోలేదు. వడ్డించే చెయ్యి గీతకు కిందే ఆగేది.

ఒక మధ్యాహ్నం బిడ్డ గ్లాసులోకి తొంగిచూసి, పై గీత మీద వేలు పెట్టింది.

"బాపూ, తక్కువుంది. గీడిదాంక పెట్టు."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"ఏందే, నన్నే చెక్ చేస్తున్నవా? నాకంటె పెద్ద సర్దార్‌వైనవే!"

"గీడిదాంక" అంది అది, వేలు తీయకుండా.