రష్యా కారుకి పసుపు బొట్టు

ఎనభైల మొదట్లో మేం బఫెలోలో ఉండేవాళ్ళం. నది దాటితే కెనడా. అక్కడుండే మా బావగారు రెండు నెలలకి ఇండియా వెళ్తూ తన రష్యా కారుని మా ఇంటి ముందు పెట్టి వెళ్ళారు. అమెరికాలో ఆ కారు అమ్మేవారు కాదు, కెనడాలో దొరికేది. అగ్గిపెట్టెకి చక్రాలు తగిలించినట్టుండే ఆ డబ్బాని చూడగానే మా ఆయన కళ్ళు చెమర్చాయి.

కాలేజీ రోజుల్లో చవగ్గా దొరికే రష్యా పుస్తకాలు చదివి, దేవుడు లేడని తేల్చేసిన మనిషి ఆయన. మర్నాడే ఆ కారుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ఇదేమిటండీ అంటే, యంత్రాన్ని గౌరవించడం వేరు, భక్తి వేరు అన్నాడు. చలికి రాయిలా బిగుసుకుపోయిన నిమ్మకాయ నలగకుండా పక్కకి దొర్లిపోతే మాత్రం మొహం మాడ్చుకున్నాడు.

ఇక మా ఇంటికి భోజనానికొచ్చిన ప్రతి తెలుగువాడికీ ఆ కారు చరిత్రే. ఇటలీ వాళ్ళ నమూనా తీసుకుని వోల్గా ఒడ్డున ఫ్యాక్టరీ కట్టారట. ఇటలీ రేకు రష్యా గతుకులకి ఆగదని మందం రేకు వేశారట. అడుగు నేలకి తగలకుండా ఎత్తు పెంచారట. బ్యాటరీ నీరసించినా, ముందు నుంచి ఇనుప కడ్డీ దూర్చి తిప్పితే స్టార్టయ్యేలా చేశారట. అదంతా తనే దగ్గరుండి చేయించినట్టు చెప్పేవాడు. వచ్చినవాళ్ళు మర్యాదకి తలలూపేవారు, పప్పు చల్లారిపోయేది, నాకు ఒళ్ళు మండేది.

మండదూ మరి? నా పర్సులో రెండేళ్ళుగా డ్రైవింగ్ లైసెన్స్ ఉంది. పెళ్ళికి ముందు విజయవాడలో మా నాన్న కారు నడిపినదాన్ని. ఇక్కడ మాత్రం ఏ కారు తాళమూ నా చేతికి రాలేదు. నేను దింపుతాగా, నీకెందుకు అనేవాడు. కార్మికుల విముక్తి గురించి గంటలకొద్దీ మాట్లాడేవాడు, తాళాలు జేబులో పెట్టుకుని.

జనవరిలో హాస్పిటల్ నుంచి నాకు రెసిడెన్సీ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. అది పోతే నా డాక్టరు చదువు వంటింటి పాలే. ఇంటర్వ్యూ రోజు పొద్దున చలికి మా కారు కదల్లేదు. రష్యా కారు బ్యాటరీ కూడా మూలిగి ఊరుకుంది. గంటలో అక్కడుండాలి. నాకు ఏడుపొచ్చింది. ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది. కడ్డీ తెచ్చుకుని, నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాడు.

"ఆక్సిలరేటర్ మీద కాలు పెట్టి ఉంచు, అంతే. ఇంకేం ముట్టుకోకు."

ఇటలీని తిడుతూ పదిసార్లు తిప్పాడు. పదకొండోసారి ఇంజన్ అందుకుంది. కడ్డీ పట్టుకుని, రష్యాని తనే గెలిపించినట్టు, నా వైపు తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఇంక పక్కకి జరుగు. నేను డ్రైవ్ చేస్తా."

"మీ పని అయిపోయిందండీ" అని గేర్ వేశాను.

మలుపు దగ్గర అద్దంలో చూశాను. కడ్డీ చేత్తో పట్టుకుని మంచులో అలాగే నిలబడి ఉన్నాడు. ఆ కారు చరిత్రలో ఆయన ఎవరికీ చెప్పని భాగం అదొక్కటే.