అత్తమ్మ పరగడుపు

ఎల్లారెడ్డిలో మా వాడకట్టులో ఎవరింట్లో మామిడికాయ తొక్కు పెట్టినా ముందు మా అత్తమ్మను పిలిచేవాళ్లు. ఉప్పు సరిపోయిందో లేదో ఆమె నాలుకే చెప్పాలి. అందుకే తొంభైల మొదట్లో డాక్టరు తొక్కు బంద్ అన్నప్పుడు ఆమెకంటే నాకే ఎక్కువ కోపమొచ్చింది.

ఏండ్లుగా ఆమెకు కడుపులో మంట, అన్నం సయించేది కాదు. ఆదివారాలు హైదరాబాదు నుంచి కామారెడ్డికి వచ్చే పొట్ట డాక్టరు గొంతులోంచి గొట్టం వేసి చూశాడు. లోపల చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. రిపోర్టు వచ్చాక నిదానంగా చెప్పాడు.

"క్యాన్సర్ కాదమ్మా. కానీ కడుపు లోపలి పొర పలచబడి, అక్కడక్కడ రూపు మారింది. పట్టించుకోకపోతే కొందరికి ఏండ్ల తర్వాత అదే క్యాన్సర్ అయితది."

కడుపులో ఉన్న క్రిమికి మందులు రాశాడు. ఉప్పు తగ్గించాలి, తొక్కు, ఆమె పాన్‌లో వేసుకునే జర్దా మానాలి, ఏడాదికి మళ్లీ గొట్టం వేయించుకోవాలి. 'కాదు' అన్న మాట అత్తమ్మకు వినిపించింది, 'కానీ' అన్న మాట నాకు వినిపించింది.

ఆ ఏడు ఇంట్లో తొక్కు పెట్టలేదు. పక్కింట్లో తిని వస్తుందేమోనని ఆమె చేతులు వాసన చూసేదాన్ని.

"పోలీసోల్ల ఇంట్ల పుట్టినవా ఏంది నువ్వు?" అనేది.

ఏడాది తిరిగింది. పరీక్షకు పరగడుపున రావాలి. ముందు రోజు రాత్రి నుంచి ఆమెను మంచినీళ్లు కూడా ముట్టనివ్వలేదు నేను. తీరా పొద్దున బస్సుకు బయల్దేరుతుంటే, గడప దగ్గర నిలబెట్టి ఆమె నోట్లో చెంచాడు పెరుగు చక్కెర పెట్టాను. మా ఇంట్లో ఎవరైనా మంచి పని మీద పోతుంటే నోరు తీపి చేసి పంపడం అలవాటు. ఆమె కూడా అలవాటుగానే మింగింది.

కామారెడ్డిలో నర్సు అడిగేదాకా ఇద్దరికీ తట్టలేదు.

"ఏం తినలే బిడ్డా, గింత పెరుగు," అంది అత్తమ్మ. డాక్టరు వచ్చే ఆదివారం రమ్మన్నాడు.

బస్టాండులో ఏడ్చేశాను. ఈ వారం రోజుల్లో లోపల ఏం ముదురుతుందోనని భయం. ఆమె కొంగుతో నా ముఖం తుడిచింది.

"చెంచెడు పెరుగుకు గింత ఏడుపా? కోడలు ప్రేమతోని పెట్టింది, నేను తిన్న. అంతే."

మరుసటి ఆదివారం చెంచా ఆమె చేతిలో ఉంది. "నువ్వు తెరువు నోరు. ఎవలు తిన్నా శకునం శకునమే."

తిన్నాను. జబ్బు ముదరలేదని రిపోర్టు వచ్చింది. ఆ తర్వాత ప్రతి ఏడూ పరీక్ష రోజు పొద్దున ఆమె బదులు నేనే తిన్నాను. ఆ కడుపు జబ్బు చివరిదాకా ఆమెను ఏమీ చేయలేదు. ముసలితనమే తీసుకుపోయింది.

ఆమెను ఆఖరుసారి గడప దాటించే ముందు, ఆమె నోట్లో చెంచాడు పెరుగు చక్కెర పెట్టాను. ఆ రోజు పరగడుపు అని ఎవరూ అనలేదు.