నలభైయారమ్మ

మా వారి మేనత్తను ఆవిడ ల్యాబులో ఎవరూ పేరుతో పిలవరు. అందరికీ ఆవిడ నలభైయారమ్మ. మనిషి కణంలో క్రోమోజోములు నలభై ఆరు. ఇరవై ఏడేళ్లుగా వాటిని లెక్కపెట్టడమే ఆవిడ పని.

బడి చదువుతో ఆగిపోయి, సీసాలు కడిగే పనిలో చేరి, చూస్తూ చూస్తూ నేర్చుకుంది. నేను జీవశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నదాన్ని. అయినా పుస్తకంలో బొమ్మగా చూసిన ఘడియను ఆవిడ రోజూ చేత్తో పట్టుకునేది.

"కణం రెండయ్యే ముందు పట్టుకోవాలమ్మాయ్. తొందరపడితే చిక్కుపడ్డ నూలు. ఆలస్యమైతే ఎవరి దారి వాళ్లు చూసుకుంటారు" అనేది.

రక్తంలోని తెల్లకణాలకు మేత పెట్టి, ఒంటి వేడిలో మూడు రోజులు ఉంచుతుంది. అవి విభజనలో పడ్డాక ఒక మందు వేసి నడిమధ్యలో ఆపేస్తుంది. వాటిని ఉబ్బించి, డ్రాపర్‌తో పైనుంచి గాజుపలక మీద చుక్కగా వదులుతుంది. ఆ దెబ్బకు కణం విచ్చుకుని క్రోమోజోములు పరుచుకుంటాయి. మరీ కిందనుంచి వదిలితే ఒకదాని మీద ఒకటి పడతాయి, మరీ పైనుంచైతే చెల్లాచెదురై కొన్ని తప్పిపోతాయి. ఎంత ఎత్తన్నది ఆవిడ మోచేతికి తెలుసు.

పుట్టి ఏడో నెల వచ్చినా మా పాప సరిగ్గా బరువు పెరగలేదు. ఒక కణం రెండై, రెండు నాలుగై పెరగడమే ఎదుగుదలని చదువుకున్న నాకు, నా బిడ్డలో ఆ పని ఎక్కడ కుంటుపడిందో అర్థం కాలేదు. రెండుండాల్సిన ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి తక్కువైతే ఆడపిల్లలు ఇలా చిన్నగా ఉండిపోవచ్చని చెప్పి డాక్టరు పరీక్ష రాశాడు. రక్తం అత్తయ్య ల్యాబుకే వెళ్లింది.

సీసా మీది నంబరు తప్ప పేరు చూడకూడదన్నది ఆవిడ నియమం. ఈసారి చూసింది.

అయిదో రోజు ఇంట్లో ఉండలేక ల్యాబుకు వెళ్లాను. ఆవిడ పక్కన ఉన్న కాగితం మీద ఇరవై కణాల లెక్క ఉంది. అందులో మూడింటికి నలభై అయిదే.

"అత్తయ్యా, ఎక్స్ పోయిందా?"

"ముందు కూర్చో. నీ చదువంతా భయపడటానికే పనికొస్తోంది. మూడింట్లోనూ అదే పోతే, అది పాపది. ఒక్కోదాంట్లో ఒక్కోటి పోతే, అది నా చేతి తప్పు."

ఫొటోల్లోని క్రోమోజోములను జత జతగా పేర్చింది. మొదటి కణంలో పన్నెండో జతలో ఒకటి లేదు. రెండో కణంలో పద్దెనిమిదో జతలో ఒకటి లేదు. మూడోదాంట్లో లేనిది ఎక్స్. ఆవిడ పెన్ను ఆగిపోయింది.

"మొదటి రెండూ నా చెయ్యే. ఎక్స్ సంగతి తేల్చడానికి మాత్రం ఇది చాలదు, మళ్లీ వేయాలి. మన పిల్లదని తెలిసింది కదా, ఒకదానికొకటి తగలకుండా చక్కగా పరవాలని చెయ్యి జానెడు పైకెత్తాను. ముద్దు ఎక్కువై పాడుచేశాను."

మిగిలిన కణాలున్న గొట్టాన్ని పక్క బల్ల దగ్గరి టెక్నీషియన్ అమ్మాయికి ఇచ్చింది.

"నువ్వు వెయ్యి."

"నేనా? నా స్లైడులు మసిగుడ్డల్లా ఉంటాయన్నది మీరేగా!"

"ఆ మసిగుడ్డే కావాలి ఇవాళ. ఇది ఎవరి రక్తమో నీకు తెలియదు."

ఆ అమ్మాయి నా ముఖం చూసింది. తెలిసినట్టే ఉంది, కానీ చేతి ఎత్తు మాత్రం మారలేదు.

ఇద్దరూ విడివిడిగా చెరో యాభై కణాలు చూశారు. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ పాప పాలు తాగే గుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నాను. చివరికి అన్ని కణాల్లోనూ నలభై ఆరే. ఎక్స్‌లు రెండూ ఉన్నాయి.

మొదటి స్లైడులు ఎందుకు చెడ్డాయో అత్తయ్య రిజిస్టరులో రాసింది. "పారేస్తే పోయేదిగా" అంది ఆ అమ్మాయి. "రేపు ఇంకెవరి పిల్ల రక్తమో వస్తుంది, అప్పుడు ఇది గుర్తుండాలి" అని అత్తయ్య సంతకం పెట్టింది.

నా ఏడుపు ఆగాక అడిగాను, "మరి ఎందుకు ఎదగట్లేదు అత్తయ్యా?"

"అది నాకు తెలియదమ్మాయ్. ఇది కాదని మాత్రం తెలుసు. రేపు డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను, పద."